రేపు కొట్టించేద్దాం మాస్టారూ

మా పక్కింటి యలమందకు ఒకే ఒక్క జబ్బు ఉంది. తన దొడ్డి గురించి ఎవరేం తిట్టినా వెంటనే ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, ఒక్క ఆకు కూడా తుంచడు.

ఇది ఎంత ప్రమాదకరమైన జబ్బో పక్కింట్లో కాపురమున్నవాడికే తెలుస్తుంది. ఎదురు తిరిగేవాడితో పోట్లాడొచ్చు. పంచాయతీ పెట్టొచ్చు. మనం తిట్టబోయే తిట్టు మనకంటే ముందే తనను తాను తిట్టుకునేవాడితో ఏం చేస్తాం? ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి, పెద్ద పెద్ద మొండి ఘటాలను బెంచీ ఎక్కించినవాణ్ణి, యలమంద దగ్గర మాత్రం ఆరేళ్లుగా ఓడిపోతూనే వచ్చాను.

మా దొడ్డి చూస్తే నేనేమిటో అర్థమవుతుంది. నాలుగు కరివేపాకు మొక్కలు, నాలుగు బంతి మొక్కలు, మధ్య దూరం సరిగ్గా మూడడుగులు. టేపు పెట్టి నాటాను. గోడ అవతల యలమంద దొడ్డి. ఆముదం చెట్లు, జిల్లేళ్లు, సర్కారు తుమ్మ, మనిషెత్తు గోంగూర, వాటన్నిటినీ కలిపి కుట్టినట్టు బీర, దొండ, కాకర పాదులు. అందులోకి వెళ్లిన కోడి బయటికి వచ్చేటప్పుడు పిల్లలతో వస్తుంది.

ఒకరోజు బీరపాదు గోడ దిగి మా బట్టల తీగ పట్టుకుంది. వెళ్లి అడిగాను.

"యలమందా, మా తీగ మీద నా లుంగీ పక్కన నీ బీరకాయ ఆరుతోందయ్యా."

"ఛ. సిగ్గులేని పాదు మాస్టారూ," అన్నాడు. "పెద్దమనుషుల లుంగీ పక్కన దానికేం పని? రేపు కొట్టించేద్దాం."

"పోయిన నెలా రేపే అన్నావు."

"అన్నాను. అన్నవాడికి బుద్ధుండొద్దూ? మీరు కాబట్టి ఊరుకుంటున్నారు. ఇంకొకరైతే ఈపాటికి నా గూబ పగలగొట్టేవాళ్లు."

ఇక నేనేం అనాలి? గూబ పగలగొట్టేంత కోపం నాకు లేదు. నేను అలా నిలబడగానే లోపలికెళ్లి ఒక స్టీలు గిన్నె తెచ్చి చేతిలో పెట్టాడు. "బీరకాయ పాలు పోసి వండాను. చెల్లెమ్మకివ్వండి. ఆ పాదు కాయే."

ఇంకో విషయం ఈ గిన్నె. మా వైపు గిన్నె ఖాళీగా తిరిగిస్తే మర్యాద కాదు. కాబట్టి మా ఆవిడ దుర్గాంబ ఆ గిన్నె కడిగి, అందులో కాస్త పులిహోరో, నాలుగు సున్నుండలో పెట్టి నన్నే పంపుతుంది. సున్నుండలు పట్టుకెళ్లి ఎవరైనా పోట్లాడగలరా? నేను ప్రయత్నించి చూశాను. "ఏవయ్యా, నీ దొడ్డి" అని మొదలుపెట్టే లోపల ఆయన మూత తీసి ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంటాడు. కళ్లు తెరిచాక మళ్లీ గిన్నె నింపి ఇస్తాడు. ఆ విధంగా నా ఫిర్యాదులన్నీ ఆరేళ్లుగా ఒక స్టీలు గిన్నెలో ఇటూ అటూ తిరుగుతున్నాయి.

పోయిన వానాకాలం ఆ అడవిలోంచి జెర్రిపోతు ఒకటి వచ్చి మా బాత్‌రూమ్‌లో బకెట్టు చుట్టూ చుట్టుకుంది. నేను తువ్వాలుతోనే వీధిలోకి వచ్చాను. ఆ వేషంలో నన్ను చూడని పూర్వ విద్యార్థి ఊళ్లో లేడు. యలమంద కర్ర తెచ్చి దాన్ని సున్నితంగా ఎత్తి, ముఖం దగ్గర పెట్టుకుని కోప్పడ్డాడు.

"మాస్టారు స్నానం చేసే వేళ తెలియదా నీకు? చదువుకున్నవాళ్ల ఇంటికి వెళ్లేటప్పుడు చూసుకోవద్దూ?"

"పాముకి చెప్పడం కాదయ్యా. దొడ్డి కొట్టించు."

"రేపు కొట్టించేద్దాం మాస్టారూ. ఇది చివరిసారి."

చివరిసారి అన్నది పాముకో నాకో తెలియలేదు. ఆ సాయంత్రం గోంగూర పచ్చడి వచ్చింది.

ఆయన వింతలు దొడ్డితో ఆగలేదు. గేదెను అమ్మేసి ఆరేళ్లయింది. దొడ్డి మధ్యలో, పాదుల లోపల ఎక్కడో దాని సిమెంటు తొట్టి మాత్రం ఉంది. రోజూ సాయంత్రం మోటారు వేసి ఆ తొట్టి నిండా నీళ్లు పడతాడు. "లేని గేదెకు నీళ్లెందుకయ్యా?" అంటే "అలవాటు మాస్టారూ, చెయ్యి ఊరుకోదు" అంటాడు. భార్య పోయాక ఒంటరి మనిషి. అయినా షఫీక్ కొట్లో నెలకు రెండు డజన్ల సబ్బులు కొంటాడు. రెండు డజన్లు. అంత సబ్బు ఒంటికి రుద్దుకునే మనిషి దొడ్డిని అలా ఎందుకు ఉంచుతాడని నేను షఫీక్‌ను నిలదీశాను. "నాకేం తెలుసు సార్, అరిగిపోతున్నాయన్నాడు" అన్నాడతను.

ఇక అన్నిటికన్నా నా ప్రాణం తీసింది ఆయన సాయంత్రపు సందేహం.

నాకు షుగర్. రోజూ సాయంత్రం నలభై నిమిషాలు నడవమన్నాడు డాక్టరు. వీధిలో నడిస్తే కుక్కలు వెంట పడతాయి కాబట్టి డాబా మీద నడుద్దామని చెప్పులు వేసుకుంటాను. సరిగ్గా అప్పుడే, ఐదున్నరకు, యలమంద మా అరుగు మీద ప్రత్యక్షం. వానాకాలంలో పదిరోజులకొకసారి కూడా రాడు. పత్తి తీతలు మొదలైన దగ్గర్నుంచి మిరపకోతలు అయిపోయేదాకా మాత్రం ఒక్కరోజు తప్పడు.

"మాస్టారూ, ఒక్క సందేహం. అరను పావుతో భాగిస్తే రెండెలా వస్తుందండీ? భాగిస్తే తగ్గాలి కదా."

లెక్కల మాస్టారిని ఆ ప్రశ్న అడిగి వదిలేయడం కుదరదు. కూర్చుంటాను. సుద్దముక్క తెస్తాను. అరుగు మీద జొన్నరొట్టె బొమ్మ వేస్తాను. సగం రొట్టెలో పావులెన్ని ఉన్నాయో చూపిస్తాను.

"ఎన్నున్నాయి?"

"రెండు."

"అంతే కదా మరి."

"అంతే. కానీ మాస్టారూ, భాగించాక పెరిగిందేంటి?"

ఏడు కొట్టేదాకా ఇదే. ఏడు కాగానే "బుర్ర తక్కువ వెధవని మాస్టారూ, రేపు మళ్లీ చెబుదురుగాని" అని లేచి వెళతాడు. అప్పటికి చీకటి పడుతుంది, దుర్గాంబ అన్నం పెడుతుంది, నా షుగర్ నా దగ్గరే ఉంటుంది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో అంత మొద్దు విద్యార్థి నాకు తగల్లేదు.

ఇదంతా భరించాను. ఈ ఫిబ్రవరిలో మాత్రం భరించలేని పరిస్థితి వచ్చింది. ఊళ్లో అన్నిటికన్నా శుభ్రమైన వీధికి నీలం రంగు బోర్డు ఇస్తామని, శుక్రవారం పొద్దున చూడటానికి వస్తానని పంచాయతీ కార్యదర్శి శ్రీరమ్య కబురు చేసింది. మా వీధి కమిటీకి నేను అధ్యక్షుణ్ణి. ఆ కమిటీ నేనే పెట్టాను, ఇంతవరకు ఇంకెవరూ చేరలేదు. నిరుడు, ముందటేడు బోర్డు చేతిదాకా వచ్చి యలమంద దొడ్డి దగ్గర ఆగిపోయింది. ఈసారి ఆ బోర్డు మా వీధి మొగలో నిలబడకపోతే నేను రిటైరయ్యి ఏం సాధించినట్టు?

దేవుడు కరుణించాడు. మంగళవారం రాత్రి బస్సుకు యలమంద ప్రయాణమయ్యాడు. "పిడుగురాళ్లలో మా మేనకోడలి గృహప్రవేశం మాస్టారూ. శుక్రవారం పొద్దున్నే వచ్చేస్తా. చిన్న సాయం. సాయంత్రం ఐదింటికి మోటారు వేసి తొట్టి నింపండి. మరిచిపోకండి."

"పిచ్చిమొక్కలకు నీళ్లు నేను పట్టాలా?"

"నాకు బుద్ధి లేదు మాస్టారూ. మీరే పట్టాలి."

దుర్గాంబ కూడా మా అమ్మాయిని చూడటానికి తాడేపల్లి వెళ్లింది. వెళ్లేముందు "నేను లేనప్పుడు కొత్త పనులేవీ పెట్టుకోకండి" అంది. ఆ మాట ఆమె పెళ్లయిన దగ్గర్నుంచీ అంటోంది కాబట్టి నేను పట్టించుకోలేదు.

బుధవారం పొద్దున కోటేష్‌ను పిలిచాను. అతనికి సొంత జేసీబీ ఉంది. పదో తరగతి లెక్కల్లో నా చేతి మీదుగా గట్టెక్కినవాడు. దొడ్డి ముందు బండి ఆపి తటపటాయించాడు.

"సార్, యలమంద మావకి చెప్పారా?"

"ఆరేళ్లుగా చెబుతున్నాను. ఆరేళ్లుగా ఒప్పుకుంటున్నాడు."

"ఎప్పుడు కొట్టించమన్నాడు?"

"రేపు అన్నాడు. ఆ రేపు ఇవాళే. పోనీ బండి."

రెండు గంటల్లో అడవి మాయమైంది. మధ్యలో తొట్టి బయటపడింది. దాని చుట్టూ నున్నటి బండలు నాలుగు, ఒక దండెం, కొబ్బరి చిప్పల్లో అరిగిన సబ్బులు, పక్కన ఆముదం సీసా. మనిషి ఆరుబయట, నాలుగు బండల మీద మార్చి మార్చి స్నానం చేస్తాడన్నమాట. ఇంతకాలం ఈ విలాసం కోసమా నాకు పాములు పంపింది? నా ఒళ్లు మండిపోయింది. తొట్టినీ బండలనూ వదిలేయించి మిగతాదంతా చదును చేయించి, అంచున సున్నం గీత కొట్టించాను. టేపు పెట్టే కొట్టించాను.

సాయంత్రం ఐదింటికి, మాట ఇచ్చాను కదా అని, మోటారు వేశాను. తొట్టి నిండింది. ఐదున్నరకు అరుగు మీద ఎవరూ లేరు. చెప్పులు వేసుకుని దర్జాగా డాబా ఎక్కాను. మిరపకోతల కాలంలో ఆ డాబా మీద అడుగు పెట్టడం ఆరేళ్లలో అదే మొదటిసారి.

పదో చుట్టు తిరుగుతుండగా వెనక డొంక దారిన ఆడవాళ్లు వస్తూ కనిపించారు. పది పన్నెండు మంది. చేతుల్లో బట్టల మూటలు, చెంబులు. చేలో మిరపకాయ కోసి వస్తున్నవాళ్లని ఆ చీరల మీది ఎర్రదుమ్మే చెబుతోంది. తిన్నగా యలమంద దొడ్డి వెనక్కి వచ్చి, సున్నం గీత దగ్గర ఆగిపోయారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత తలెత్తి డాబా మీద నన్ను చూసి, గబగబా పమిటలు సర్దుకున్నారు.

నేను దిగి వెళ్లాను. వాళ్లలో పెద్దామె ముందుకొచ్చింది. పేరు రాజ్యం, కనిగిరి వైపు నుంచి కోతలకు వచ్చిన ముఠాకు మేస్త్రి అని తర్వాత తెలిసింది.

"యలమందన్న లేడా అయ్యా?"

"ఊరెళ్లాడు. మీకేం కావాలమ్మా?"

ఆమె దొడ్డంతా ఒకసారి చూసింది. "ఇదంతా..."

"నేనే శుభ్రం చేయించాను," అన్నాను. నిజం చెప్పాలంటే గర్వంగానే అన్నాను.

"బాగుందయ్యా," అంది ఆమె. పాపం, నిజంగానే బాగుందన్నట్టే అంది.

వెనక ఒక పడుచు పిల్ల మెడ రుద్దుకుంటోంది. చేతులు మోచేతులదాకా ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "మంటక్కా," అంది. "ఓర్చుకో. పోయి తడిగుడ్డతో తుడుచుకుందువు," అంది రాజ్యం.

"మీరెక్కడుంటారమ్మా?"

"చేలోనేనయ్యా, పట్టాలతో గుడిసెలేసుకుని. రోడ్డు పక్కన."

"మరి స్నానం?"

"ఇక్కడే గదయ్యా. ఆరేళ్ల నుంచీ. ఆ పొదల్లో ఉంటే దేవుడికి కూడా కనపడం. అన్న నీళ్లు పట్టి, సబ్బులూ, మంటకి ఆముదమూ పెట్టి, మేం వచ్చేవేళకి ఇల్లొదిలి పోతాడు. మేం పోయిందాకా ఇటు రాడు."

ఎక్కడికి పోతాడో నాకు తెలుసు. మా అరుగు మీదికి వస్తాడు. సగం రొట్టెలో పావులెన్నో లెక్కపెడతాడు. నన్ను డాబా ఎక్కనివ్వకుండా ఏడింటిదాకా లెక్కపెడుతూనే ఉంటాడు.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మా బాత్‌రూమ్ ఉందమ్మా, రండి, ఒకరి తర్వాత ఒకరు," అన్నాను.

"ఇంట్లో అమ్మగారున్నారా అయ్యా?"

"లేదు. తాడేపల్లి వెళ్లింది."

"అయితే వద్దులెండి," అంది మర్యాదగా. ఒంటరి మగవాడి ఇంట్లోకి వాళ్లెలా వస్తారు? కారం ఒంటితోనే, మూటలు విప్పకుండానే వెనక్కి తిరిగారు. నిండా నీళ్లున్న తొట్టి పక్కన నేనొక్కణ్ణే మిగిలాను. నా జీవితంలో అంత శుభ్రమైన చోట అంత సిగ్గుపడుతూ ఎప్పుడూ నిలబడలేదు.

దుర్గాంబకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"దొడ్డి కొట్టించేశారా?" అంది. "మీ చేతులు ఊరుకోవుగా. నేను కనిపెట్టుకుని ఉండాల్సింది."

"అంటే నీకు తెలుసా?"

"వీధిలో ఆడవాళ్లందరికీ తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు చెబితే కమిటీ వేస్తారు. బోర్డు పెడతారు. ఆడవాళ్లు స్నానం చేసే చాటని ఊరంతా తెలిస్తే అది చాటెలా అవుతుందండీ?"

ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక కోపం వచ్చింది. వీధి వీధంతా కలిసి నన్ను ఆరేళ్లు వెర్రివాణ్ణి చేశారు. నా చేతిలో బీరకాయ కూర పెట్టి మరీ చేశారు.

గురువారం తెల్లారగానే మళ్లీ కోటేష్‌ను పిలిచాను. ట్రాక్టరు నిండా పత్తి కట్టె తెప్పించాను. కళ్లంలో మిరపకాయలు ఆరబోసే పట్టాలు అడిగి తెచ్చాను. అవి చాలకపోతే మా ఇంటి కిటికీ పరదాలు విప్పాను. డాబా మీద ఏ మూల నిలబడితే చూపు ఎక్కడ పడుతుందో కోణాలు కట్టి, దడి ఎనిమిదడుగులు ఉండాలని తేల్చాను. రిటైరయ్యాక త్రికోణమితి నాకు పనికొచ్చింది ఆ ఒక్కరోజే.

"నిన్న పీకించారు. ఇవాళ కట్టిస్తున్నారు. ఎందుకు సార్?" అన్నాడు కోటేష్.

చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే మధ్యాహ్నానికి ఊరంతా తెలుస్తుంది. నోరు మూసుకున్నాను. ఆ క్షణంలో యలమంద ఆరేళ్లు ఎలా బతికాడో నాకు తెలిసొచ్చింది.

"నాకు బుద్ధి లేదు కోటేష్," అన్నాను.

అతను నన్ను జాలిగా చూసి గుంజలు పాతాడు. మధ్యాహ్నం రాజ్యం వాళ్ల చేనిదాకా వెళ్లి, సాయంత్రం రమ్మని చెప్పి వచ్చాను. సాయంత్రం డాబా మెట్లకు తాళం వేసి, ఆ తాళంచెవి బియ్యం డబ్బాలో పడేసి, అరుగు మీద వీధివైపు తిరిగి కూర్చున్నాను. ఆరింటికి దడి వెనక చెంబుల చప్పుడు, ఎవరిదో నవ్వు వినిపించాయి. సుద్దముక్క తీసుకుని రొట్టె బొమ్మ వేసుకుంటూ కూర్చున్నాను. సందేహం అడిగేవాడు లేక ఏమీ తోచలేదు.

శుక్రవారం పొద్దున శ్రీరమ్య స్కూటర్ దిగింది. అదే సమయానికి మొదటి బస్సు దిగి, సంచీ భుజాన వేసుకుని యలమంద వీధి మొగలో కనిపించాడు. మా వీధి ఎలా ఉందంటే, అన్ని ఇళ్లూ అద్దంలా మెరుస్తున్నాయి, మధ్యలో పత్తి కట్టె, నీలం పట్టాలు, మా హాలు పరదాల మీది నెమళ్లు. గాలికి నెమళ్లు ఊగుతున్నాయి.

"ఏంటి మాస్టారూ ఇది?" అంది ఆ అమ్మాయి. "మీ వీధికే బోర్డు అనుకుని వచ్చాను."

యలమంద ఆమె వెనకే వచ్చి నిలబడ్డాడు. తన దొడ్డిని చూశాడు. దడిని చూశాడు. నన్ను చూశాడు. మనిషి ముఖంలో రంగు పోయింది. నేనేం చెబుతానో అని.

"నిజమేనమ్మా," అన్నాను. "ఎంత అసహ్యంగా ఉందో. కట్టినవాడికి సిగ్గుండాలి. నువ్వు కాబట్టి ఊరుకుంటున్నావు. రేపు కొట్టించేద్దాం."

శ్రీరమ్య దడి వైపు చూసింది. దడి కొసన ఎవరో ఆరేసి మరిచిపోయిన రిబ్బను ఒకటి కనిపిస్తోంది. ఆ అమ్మాయి పుస్తకంలో ఏదో రాసుకుని, "తొందరేం లేదులెండి మాస్టారూ," అంది. "మిరపకోతలు అయ్యాక చూద్దాం." ఆమెకు కూడా తెలుసో ఏమిటో. ఈ ఊళ్లో తెలియనిది నాకొక్కడికే అని నా అనుమానం.

బోర్డు తూర్పు వీధికి పోయింది. వాళ్ల వీధిలో పందులు తిరుగుతాయి. ఆ అన్యాయం గురించి నేను ఇక్కడ రాయదలచుకోలేదు, రాస్తే ఆపలేను.

ఆ సాయంత్రం ఐదున్నరకు యలమంద స్టీలు గిన్నెతో వచ్చాడు. అందులో కూర లేదు. బీర గింజలు, కాకర గింజలు ఉన్నాయి. "మన గోడ పక్కన మీరు కూడా నాలుగు పెడితే వచ్చే కోతలకి చాటు బాగా అల్లుకుంటుంది మాస్టారూ." నా అడవిని ఎందుకు పీకించారని ఒక్కమాట అనలేదు. అనకపోగా, "పొరపాటు నాదే, మీకు చెప్పి ఉండాల్సింది" అని తనను తానే తిట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇలాంటి మనిషితో ఎలా వేగాలో మీరే చెప్పండి.

"సరే, ఇక నాటకం మానెయ్. నేను డాబా ఎక్కనులే," అన్నాను. "భిన్నాలు నీకు ఎప్పుడో అర్థమయ్యాయని నాకు తెలుసు."

యలమంద తల గోక్కున్నాడు. అరుగు మీద చతికిలబడి, సుద్దముక్క నా ముందుకు జరిపాడు.

"మిగతావన్నీ నాటకమే మాస్టారూ. భిన్నాలు మాత్రం నిజంగానే ఎక్కలేదు. అరను పావుతో భాగిస్తే పెరిగిందేంటండీ?"

రొట్టె బొమ్మ వేశాను. మొన్న పరీక్ష చేయిస్తే నా షుగర్ రెండు వందల నలభై ఉంది. దానికి మాత్రం యలమందే బాధ్యుడు. ఆ సంగతి మొహం మీదే చెప్పాను. వెంటనే ఒప్పుకున్నాడు.